పిచ్చమ్మ అప్పజెప్పిన ముఖం

ఆకుపచ్చ గీత కదులుతోంది. కదలడం లేదు. కదిలింది, రొయ్య మీసమంత. పోయిన ఫైళ్ళను వెతికి తెచ్చే ఈ సాఫ్ట్‌వేరు ఇంకో గంట పడుతుందని చెబుతుంది, కాసేపయ్యాక చూస్తే అప్పుడూ ఇంకో గంటే అంటుంది, సూళ్లూరుపేట స్టేషన్లో లేటయిన బండి గురించి చెప్పినట్టు. నా వెనక నీలం తెర ముందు, పాస్‌పోర్టు ఫోటోలకు జనాన్ని కూర్చోబెట్టే గుండ్రటి స్టూలు మీద పిచ్చమ్మ పెద్దమ్మ కూర్చుని టీ ఊదుకుంటూ తాగుతోంది. ఆమె మొగుడి ముఖాన్ని పొద్దున నేను నా చేత్తో చెరిపేశానని ఆమెకింకా తెలియదు.

నవ్వుతూ ఉండాలి. కౌంటరు వెనక కూర్చున్నాక మన ముఖం కూడా సరుకే, అది వాడిపోతే మిగతా సరుకు మీద కూడా జనానికి అనుమానం వస్తుంది. అందుకే నవ్వు ముఖం ఆమె వైపు పెట్టి, కళ్ళు మాత్రం గీత మీద పెట్టాను.

“చక్కెర సరిపోయిందా పెద్దమ్మా?”

“సరిపోయింది పాపా. నీకేంది అట్టా చెమట్లు పడతుండాయి? ఫ్యాను నా మీదికే తిప్పేసినావా ఏంది?”

చెమట ఫ్యానుతో పోయేది కాదు. అసలు ఎలా జరిగిందో మళ్ళీ లెక్క తీస్తున్నాను, ఎక్కడ తేడా వచ్చిందో దొరికితే పోయింది తిరిగొస్తుందన్నట్టు. పొద్దున పెద్దమ్మ కొడుకు చిన్నపోలయ్య ఫోను చేశాడు. శ్రీహరికోటలో రాకెట్ ఉంది అక్కా, చేపల వేటకు పోవద్దన్నారు, ఎట్టా ఖాళీనే, అమ్మను తీసకొస్తుండా, రేపు కొత్తింట్లోకి పోతుండాం, నాయన ఫోటో ఈరోజు చేతికి రావాల అన్నాడు. సరేనన్నాను. అంతటితో పెట్టేసి ఉంటే ఏ చిక్కూ లేకపోయేది. తడలో ఉండే వాళ్ళ అక్క గంగాభవాని ముందుగా ఒకసారి చూస్తానంటోంది, వాట్సాప్‌లో పంపు అన్నాడు. వాట్సాప్‌కు అంత పెద్ద ఫైలు ఎందుకని, ఆ ముఖంలోని పొరలన్నీ కలిపేసి, బొమ్మను అగ్గిపెట్టెంత చేసి, పంపి, అలవాటున రెండు వేళ్ళు వెళ్ళి సేవ్ నొక్కేశాయి. ఫైలు మూసేశాను. ఆ వేళ్ళకు అడ్డం చెప్పేవాళ్ళు లేరు, కంప్యూటరు కూడా ఒక్క మాట అడగలేదు. సేవ్ అంటే అరలో ఉన్నదాన్ని తీసేసి అదే అరలో కొత్తది పెట్టడం. సేవ్ యాజ్ అంటే పాతదాన్ని అలాగే ఉంచి పక్కన ఇంకో అర తెరవడం. ఈ తేడా నేను ఈ వీధిలో ఎంతమందికి నేర్పలేదు, జిరాక్సు కొట్టు ఎలిశబెతుకు అయితే తల మీద మొట్టి మరీ నేర్పాను. తర్వాత పెద్ద ప్రింటు తీద్దామని తెరిచి సాగదీసి చూస్తే మనిషి లేడు. చింతగింజలు పరిచినట్టు గళ్ళు గళ్ళు, అందులో ఎక్కడో ఒక మీసం.

మరి బ్యాకప్ ఏది పుష్పకుమారీ అంటే, ఉంది, ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే పాత పనులన్నీ ఇంకో డిస్కులోకి ఎక్కించి, ఆ డిస్కును చిల్లకూరులో మా అమ్మ బీరువాలో పెట్టి వస్తాను, ఒకసారి వానల్లో దుకాణంలోకి నీళ్ళొచ్చినప్పటి నుంచి అదే పద్ధతి. కానీ అందులోకి ఎక్కేది పూర్తయి మనిషి చేతికి పోయిన పనే. పూర్తికాని దాన్ని ఎక్కించను. ఎందుకు ఎక్కించాలి, ఈరోజు కోటు ఎర్రగా ఉండాలంటారు, రేపు నల్లగా ఉండాలంటారు, పెళ్ళికూతురి మేనత్తను తీసేయమంటారు, రాజీ పడ్డాక మళ్ళీ పెట్టమంటారు, వాళ్ళ మనసు కుదుటపడేదాకా ప్రతి రూపాన్నీ దాచుకుంటూ పోతే డిస్కులు పెట్టడానికి మా అమ్మ ఇంకో బీరువా కొనాలి. చాలా తెలివైన లెక్క అనుకునేదాన్ని. తేలినదాన్ని దాచాను, తేలనిదాన్ని గాలికి వదిలేశాను. తేలిన పెళ్ళి ఫోటోలు పోతే కనీసం వాళ్ళ ఫోన్లలో నాలుగైనా ఉంటాయి. తేలనిదే కదా ఇంకెక్కడా లేనిది. ఈ ముక్క ఇన్నేళ్ళ వ్యాపారంలో నా బుర్రకెందుకు తట్టలేదు!

చిట్టమూరులో పెళ్ళి తీస్తున్న మా ఆయన కిషోర్ బాబుకు గొంతు తగ్గించి ఫోను చేశాను. అవతల బ్యాండు మోగుతోంది.

“ఏమండీ, పులికాట్ పెద్దమ్మ వాళ్ళాయన ఫైలు మీ దగ్గరేమైనా కాపీ ఉందా?”

“నా దగ్గరెందుకు ఉంటుంది? ఎవరన్నా వస్తారేమోనని రోజూ ఒక గిద్దెడు బియ్యం ఎక్కువ పోస్తావు, ఫైలు మాత్రం ఒక్కటే పెట్టుకున్నావా?” అని, మళ్ళీ జాలిపడి, “పారేసిన కాపీల్లో వెతుకు. ఆ కంప్యూటర్లో వేరే పనేమీ చేయొద్దు, పాట కూడా పెట్టొద్దు” అని పెట్టేశాడు.

పారేసిన కాపీలంటే, ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేరు మనకు చెప్పకుండానే పని మధ్యమధ్యలో తన కోసం ఒక్కో కాపీ తీసి పెట్టుకుంటుంది, మధ్యలో కరెంటు పోతే ఇవ్వడానికి. మనం ఫైలు బుద్ధిగా మూసేయగానే ఇక అవసరం లేదని వాటిని పారేస్తుంది. పారేసిన చోట ఇంకేదీ వచ్చి పడకపోతే మళ్ళీ ఏరుకోవచ్చు, పడిందో, ఇక అంతే. అందుకే మౌసును కూడా అవసరమైతే తప్ప కదపకుండా కూర్చున్నాను. ప్రభువా, ఈ డిస్కులో మొన్నటి నుంచి ఏమేం పోశాను, ఫ్లెక్సీలు పోశాను, బారసాల వీడియో పోశాను, అవన్నీ ఈయన మీద పడకుండా ఒక మూలన పడుండేలా చూడు. పెద్దమ్మ ఇక్కడికి వచ్చే ముందు చెంగాళమ్మ గుడిలో దణ్ణం పెట్టుకునే వచ్చిందట, అదీ మంచిదే, ఇలాంటి సమయంలో రెండు చోట్ల విన్నవించుకుంటే తప్పులేదు.

ఎందుకింత భయమంటే, ఆ ముఖానికి అసలు లేదు. ఫోటో చూసి ఫోటో చేయడం వేరు. పిచ్చమ్మ మొగుడు ఎనభై నాలుగు తుపానులో పడవతో పోయినవాడు, కెమెరా ముందు ఒక్కసారి కూడా నిలబడనివాడు. కార్డు లేదు, పెళ్ళి ఫోటో లేదు, చివరిచూపు కూడా లేదు. చిన్నపోలయ్య అప్పటికి చంకలో బిడ్డ. ఉన్నదల్లా పెద్దమ్మ మనసులో ఉన్నది. దాన్ని బయటికి తీయాలి. వేసవిలో మొదలుపెట్టాం, వారానికోసారి చేపలమ్ముకుని గంప బయట బోర్లించి వచ్చి ఇదే స్టూలు మీద కూర్చునేది. నుదురు ఎవరిది పెద్దమ్మా అంటే బావది అంది, బావ ముత్యాలయ్య నుదురు రేషన్ కార్డు ఫోటోలోంచి తీసుకొచ్చాను. కళ్ళు గంగాభవానివి. దవడ చిన్నపోలయ్యది, అయితే తిండి తగ్గించి పెట్టమంది, మా ఆయన ఇంత మెక్కేవాడు కాదని. ఒక్కో ముక్కా ఒక్కో పొర, ఒకదాని మీద ఒకటి, అద్దం పలకలు పేర్చినట్టు, ఏ పలకనైనా లాగి సరిచేసి మళ్ళీ పెట్టొచ్చు. నోరు మాత్రం ఎంతకీ కుదరలేదు. ఎవరి నోరు పెట్టినా ఈయన అబద్ధాలు చెప్పేటట్టు ఉండాడు, ఈయన చుట్ట తాగేటట్టు ఉండాడు అనేది. ఒకరోజు చిల్లకూరు నుంచి పెంచల్ అని ఒక కుర్రవాడు ఏదో కంపెనీ ఉద్యోగానికి ఫోటో దిగడానికి వచ్చాడు, నేను నవ్వొద్దు తమ్ముడూ అన్నాను, నవ్వు ఆపుకుంటూ పెదాలు బిగబట్టాడు. పెద్దమ్మ ఉన్నచోటు నుంచి లేచి వచ్చింది. “అదే! అదే నోరు! నన్ను చూడొచ్చినప్పుడు మా మామ పక్కన కూచోని అట్టనే బిగబట్టినాడు!” ఆ పిల్లవాడు హడలిపోయాడు. తర్వాత సంగతి చెబితే సిగ్గుపడుతూ తీసుకోండి అన్నాడు. ఇచ్చిపుచ్చుకోవడాల్లో ఇలాంటిది నేను ఇంకెక్కడా చూడలేదు, నోరు అడిగితే ఇచ్చేయడం.

ఆరోజు పెద్దమ్మ కంప్యూటరు తెర ముందు నుంచి ఎంతకీ కదల్లేదు. బేరం కుదిరిందనుకున్నాను. కానీ తర్వాతి వారం చిన్నపోలయ్య కూడా వచ్చాడు. తలలో సగం నెరిసింది అతనికి, ఉప్పునీళ్ళలో తిరిగే మనిషి, ఎండకు ఇంకా పెద్దవాడిలా కనిపిస్తాడు. చూసి మొహం అదోలా పెట్టి, ఇదేందక్కా, మా నాయన నాకంటే చిన్నోడుగా ఉండాడు, నా కొడుకులు చూసి ఈ అన్న ఎవరని అడగరా, కొంచెం పెద్దోణ్ణి చెయ్యి అన్నాడు. అడిగింది ఇవ్వడం నా వృత్తి. జుట్టు నెరిపించాను, బుగ్గలు జార్చాను, మెలితిప్పిన మీసం పెట్టాను, తెల్ల చొక్కా తొడిగాను, చేతికి గడియారం కట్టాను. చిన్నపోలయ్యకు తెగ నచ్చింది, పంచాయతీ ప్రెసిడెంటు లెక్కన ఉండాడు అన్నాడు. పెద్దమ్మ బాగుండాడులే అంది. ఆ ‘లే’ అనేదాన్ని నేను అప్పుడు లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పుడు ఆమె టీ గ్లాసు కింద పెట్టి, నాతోనో గోడతోనో తెలియకుండా మాట్లాడుతోంది.

“ఒకటి చెప్పనా పాపా. ఇన్నేళ్ళు రోజూ పడుకోబోయేముందు ఆయన మొగం ఒకసారి తలచుకునేదాన్ని, యాడ మరిచిపోతానోనని. నీకాడ పెట్టినాక ఆ బాధ లేదు. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే సరిగా కనపడేది కూడా లేదు. పోనీలే, పాప కాడ భద్రంగా ఉండాడు గదా అనుకుంటా.”

నా చేతిలోని మౌసు తడిసిపోయింది. అంటే ఈమె కాపీ ఇవ్వలేదు నాకు. కట్ చేసి పేస్ట్ చేసింది. తన దగ్గరున్న ఒక్కదాన్నీ తీసి నా అరలో పెట్టి, ఆ అరను ఖాళీ చేసుకుని, నిశ్చింతగా నిద్రపోతోంది. నేను ఆ అరలో చింతగింజలు పోశాను. ఎలుక కొరికిన బస్తాకు బదులు ఇంకో బస్తా ఇవ్వొచ్చు, రంగు పోయిన చీరకు బదులు చీర ఇవ్వొచ్చు. దీనికి బదులు ఏమివ్వాలి? మళ్ళీ మొదటి నుంచి చేద్దాం కూర్చో పెద్దమ్మా అందామంటే ఎవరిని అడిగి చేయాలి, అడగాల్సిన మనిషికే కనపడడం లేదంటే?

గీత సగం దాటింది. దొరికినవి దొరికినట్టు పక్కన చిన్న చిన్న బొమ్మలుగా రాలుతున్నాయి, పేర్లు పోయి ఉత్త అంకెలతో. ఊరంతా నా తెర మీదికి వస్తోంది. మస్తానయ్య షష్టిపూర్తి ఫ్లెక్సీ, అందులో ఆయనకు నేనే పెట్టిన పళ్ళు. రెబెక్కమ్మగారి మనవరాలి బాప్తిస్మం, నీళ్ళలోంచి లేచి కళ్ళు నలుపుకుంటోంది. కోటు ఒక్కటే ఉంది, లోపల మనిషి లేడు, ఆ కోటు తొడుక్కోని పెళ్ళికొడుకు ఈ పేటలో లేడు. పక్షుల పండగకు వచ్చిన ఎవరో మద్రాసువాళ్ళ కొంగలు, వందల కొంగలు, ఇప్పుడెందుకమ్మా మీరు, పోండి. ఒక చెవి. ఒట్టి చెవి! ఎవరి చెవో. ముత్యాలయ్య నుదురు! అదుగో, నుదురు వచ్చిందంటే చుట్టుపక్కల ఉంటాడు. ఇంతలో కిటికీ అద్దాలు సన్నగా వణకడం మొదలుపెట్టాయి, కౌంటరు మీద పెన్నుల డబ్బా గలగలమంది, వీధిలో పోయిందిరా పోయిందిరా అని అరుస్తూ జనం మేడల మీదికి పరుగెత్తారు. రాకెట్. మామూలుగా అయితే నేనూ గడప దాకా వెళ్ళి చూస్తాను, ఎన్నిసార్లు చూసినా ఆ నిప్పు తోక బాగుంటుంది. ఇప్పుడు రెండు చేతులతో కంప్యూటరు డబ్బాను పట్టుకున్నాను, చంటిబిడ్డను పట్టుకున్నట్టు, అదిరితే డిస్కులో ఏది దేని మీద పడుతుందోనని.

“పోయిందా?” అంది పెద్దమ్మ, లేవకుండానే.

“పోయింది పెద్దమ్మా.”

“అయితే ఇంక వేటకు పోవచ్చు. ఆ డబ్బా ఎందుకు వాటేసుకున్నావే, అది కూడా పోతుందా దాంతో?”

నాకు నవ్వొచ్చింది, ఈసారి సరుకు నవ్వు కాదు. నవ్వుతూ డబ్బాను వదిలి తెర వైపు చూసేసరికి బొమ్మల వరస చివర ఒకటి కొత్తగా వచ్చి ఉంది. గోరంత. నొక్కాను. తెరుచుకోవడానికి ఆలోచించింది. పెంచల్ నోరు ముందు కనిపించింది, తర్వాత కళ్ళు, దవడ, నుదురు, గుంటలోకి నీళ్ళు చేరినట్టు ముఖం నిండింది. పొరలన్నీ ఉన్నాయి. గళ్ళు లేవు. ఎంత సాగదీసినా చెదరడం లేదు. కానీ నెరిసిన జుట్టు లేదు. మీసం లేదు. తెల్ల చొక్కా లేదు, గడియారం లేదు. చిన్నపోలయ్య రాకముందు వారం నాటి ముఖం, ఇరవై దాటి ఎన్నేళ్ళో కాని పడవ మనిషి, పెదాలు బిగబట్టి. ముసలాయన కోసం మిగతా బొమ్మలన్నీ తిరగేశాను, గీత చివరికి చేరింది, లేడు. ఆయన మీద బారసాల వీడియో పడిపోయి ఉంటుంది.

సరే, లెక్క వెయ్యి. ఈ ముఖానికి మళ్ళీ వయసు పెట్టడానికి రెండు రోజులు పడుతుంది, నా చేతిలో ఉన్నది ఈ ఒక్క రోజే, వాళ్ళు ఇంట్లోకి పోయేది రేపు. చెప్పాలా, వద్దా, ఎలా చెప్పాలి, ప్రింటరు చెడిపోయిందని అందామా, అని నేను లోపల ఇంకా బేరమాడుకుంటూనే ఉన్నాను, నా భుజం మీద చేపల వాసన, తమలపాకు వాసన కలిసి వచ్చి ఆగాయి. పెద్దమ్మ స్టూలు మీంచి ఎప్పుడు లేచిందో నాకు తెలియలేదు.

“వచ్చినావా,” అంది. నాతో కాదు.

 ఆమె వేలు తెర మీద ఆ ముఖం చుట్టూ ఒకసారి తిరిగింది, జుట్టు దగ్గర ఆగింది.

“మొన్న చూపించినాయన ఎవరో పెద్దమనిషి పాపా. చిన్నోడు ముచ్చటపడినాడని ఊరుకున్నా. ఆయన ముందు కొంగు సర్దుకోవాల అనిపించేది నాకు. ఈయనే మా ఇంటాయన.”

అప్పుడు చెప్పేశాను. ముసలాయన ఫైలు నా చేతి మీదనే పోయిందని, ఇది పారేసిన వాటిలోంచి ఏరుకొచ్చిందని, పొద్దున్నుంచి ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చున్నానని. ఆమె నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. “ఈ చెమట్లు అందుకా?” అని, నోట్లో పళ్ళు లేకపోయినా గట్టిగా నవ్వింది.

చిన్నపోలయ్య కొత్తింటికి బల్బులు, వైరు చుట్టలు కొనుక్కుని అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు. తెర చూసి సంచి కింద పెట్టాడు.

“ఇదేందక్కా, మీసం యాడికి పోయింది?”

“పోయింది తమ్ముడూ. నా తప్పే. నీకు కావాలంటే రెండు రోజుల్లో మళ్ళీ పెద్దోణ్ణి చేసిస్తా. రేపటికి మాత్రం ఇదే.”

“ఎట్టక్కా? రేపు ఊరంతా వస్తారు. నా పక్కన పెడితే నా తమ్ముడు అనుకుంటారు.”

“అనుకోనీరా,” అంది పిచ్చమ్మ. “మీసం కావాలంటే నువ్వు పెంచుకో. ఆయనకు అప్పటికి సరిగా మొలవను కూడా లేదు.”

“నువ్వుండుమా. కనీసం గడియారమన్నా...”

“గడియారం చూసుకోని పోయినాడా ఏంది గాలివానలోకి? ఇదిగో, సరిగా చూడు. నిన్ను ఎత్తుకోని గుడిసె బయట తిరిగింది ఈ మనిషి. నువ్వు ఏడిస్తే ఇట్టనే పెదాలు బిగబట్టేవోడు, నవ్వితే నేను తిడతానని.”

చిన్నపోలయ్య సంచి దాటి దగ్గరికి వచ్చాడు. ముందుకు వంగాడు. తెర వెలుగు అతని నెరిసిన గడ్డం మీద పడింది, తెరలో గడ్డం లేని ఆ దవడ, ఇద్దరిదీ ఒకటే. నేను రెండు ముఖాలూ పక్కపక్కన చూడడం అదే మొదటిసారి, ఆ దవడను కోసి అతికించింది నేనే అయినా. 

“ఇంత చిన్నోడా అక్కా?” అన్నాడు, గొంతు తగ్గించి. “నేనేమో ఎప్పుడూ పెద్దాయన అనుకుంటుండా. మమ్మల్ని వదిలేసి ఎట్టా పోయినాడని కోపం కూడా పడినా. నా పెద్దకొడుకు కంటే రెండు మూడేళ్ళు పెద్ద, అంతేనా?”

 అతను సంచిలోంచి ఊరికే ఒక బల్బు తీసి, చూసి, మళ్ళీ లోపల పెట్టాడు.

“ఇట్టనే తియ్యక్కా. ఏమీ పెట్టొద్దు.”

ముందు సేవ్ యాజ్ నొక్కాను. కొత్త పేరుతో కంప్యూటర్లో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి, నా ఫోనులో ఒకటి, కిషోర్ బాబు ఫోనుకు ఒకటి, గంగాభవానికి పెద్ద సైజులోనే ఒకటి. చిన్నపోలయ్య ఫోనులోకి పంపించి, అతని చేతే తెరిపించి చూసుకున్నాను. పెద్దమ్మ నా వేళ్ళ వైపే చూస్తూ, ఇంతమందైనారే అంది. అప్పుడు ప్రింటరు ఆన్ చేశాను. అది గరగరమంటూ నుదురు నుంచి మొదలుపెట్టి గడ్డం దాకా ఆయన్ను కొంచెం కొంచెంగా బయటికి ఇచ్చింది. టేకు రంగు ఫ్రేము బిగించి, అద్దం తుడిచి ఇస్తే, పెద్దమ్మ పైట చెంగుతో నేను తుడిచిందాన్నే మళ్ళీ తుడిచింది.

బయట చిన్నపోలయ్య బండి తీసి స్టార్టు చేశాడు. వెనక కూర్చుని పట్టుకో అమ్మా అన్నాడు. పెద్దమ్మ ఫ్రేమును రొమ్ముకు ఆనించుకుని మెట్టు మీదే నిలబడిపోయింది. “బండి మీద వద్దురా. ఆటో పిలువు.” ఎప్పుడూ ఆటో మాటెత్తితే ఎగిరిపడే మనిషి, నడిచిపోదాం పద అనేవాడు, ఏమీ అనకుండా బండి ఆపి నా దుకాణం ముందు తాళం వేసి, రోడ్డు మీదికి పోయి చెయ్యి ఊపాడు. ఆటో వచ్చింది. పెద్దమ్మ ఎక్కి, ఫ్రేమును ఒళ్ళో కూర్చోబెట్టుకుంది, ముఖం రోడ్డు కనపడేటట్టు బయటి వైపు తిప్పి. చిన్నపోలయ్య బల్బుల సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు, ముందున్న గుంతల రోడ్డు చూశాడు, వెనక్కి తిరిగి ఒకసారి తల్లి ఒళ్ళోకి చూశాడు, తర్వాత డ్రైవరు భుజం తట్టి చెప్పాడు.

“మెల్లగా పోనీ అన్నా, మా నాయన ఉండాడు.”